పటము చూడవచ్చునా? – లండను చిత్రశాల చరిత్ర మనకు నేర్పే పాఠము



ఈ మధ్య మన సంఘంలోని ఒక తల్లి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. ఆమె కొడుకు చదువు కోసం లండనులో ఉన్నాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడి నేషనల్ గ్యాలరీ అనే పెద్ద చిత్రశాలకు వెళ్ళాడట. ప్రభువు పటం ఒకటి చూస్తూ చాలాసేపు నిలబడిపోయానని, కళ్ళనీళ్ళు ఆగలేదని తల్లికి చెప్పాడట. “అయ్యగారూ, పటం ముందు నిలబడి ఏడవడం విగ్రహారాధన అవుతుందా? ఇక వెళ్ళవద్దని వాడికి చెప్పమంటారా?” అని ఆ తల్లి దిగులు.

ప్రియులారా, ఇది తేలిగ్గా తీసుకోవలసిన ప్రశ్న కాదు. మనలో చాలామంది తాతముత్తాతలు పటాలకు, ప్రతిమలకు మొక్కడం మాని ప్రభువు దగ్గరికి వచ్చినవారు. అందుకోసం ఊరిలో మాటలు పడ్డారు, కొందరు బంధువుల ఇళ్ళకు దూరమయ్యారు. అంత ఖరీదు పెట్టి విడిచిన దానిని పిల్లలు మళ్ళీ వేరే దారిలో పట్టుకుంటున్నారేమోనని పెద్దలు భయపడటంలో అర్థం ఉంది. కాబట్టి తొందరపడి అవును, కాదు అనకుండా, వాక్యాన్ని ఒక పక్క, ఆ చిత్రశాల చరిత్రను ఒక పక్క పెట్టుకుని కలిసి ఆలోచిద్దాం.

వాక్యం ఏమి చెబుతోంది?

నిర్గమకాండము 20వ అధ్యాయంలో రెండవ ఆజ్ఞ మనకందరికీ తెలుసు. రూపాన్ని చేసుకుని దానికి సాగిలపడటాన్ని దేవుడు నిషేధించాడు. అదే నిర్గమకాండములో 31వ అధ్యాయానికి వస్తే, బెసలేలు అనే పనివాణ్ణి దేవుడే పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపి, చేతిపనిలో నేర్పు ఇచ్చాడు. ప్రత్యక్ష గుడారంలో కెరూబుల రూపాలు ఉన్నాయి, వస్త్రాల అంచున దానిమ్మపండ్లు ఉన్నాయి. చేతిపని పాపం కాదు. ఆ పనికి ఎవరు మొక్కుతున్నారన్నదే ప్రశ్న.

దీనికి మంచి ఉదాహరణ ఇత్తడి సర్పం. సంఖ్యాకాండము 21లో దేవుడు చెప్పగా మోషే దాన్ని చేయించాడు. దాని వైపు చూసినవారు బ్రదికారు. కొన్ని వందల ఏండ్ల తరువాత ప్రజలు దానికే ధూపం వేయడం మొదలుపెట్టారు. అప్పుడు రాజైన హిజ్కియా దాన్ని ముక్కలు చేయించాడు (2 రాజులు 18:4). అదే వస్తువు ఒక కాలంలో జీవానికి గురుతు, మరొక కాలంలో ఉరి. ఈ సంగతి మనసులో పెట్టుకుని లండనుకు వెళ్దాం.

1వ నంబరు పటం

నేషనల్ గ్యాలరీ 1824లో పుట్టింది. అది రాజుగారి కోట కాదు. జాన్ జూలియస్ ఆంగర్‌స్టెయిన్ అనే వ్యాపారి చనిపోయాక, ఆయన దగ్గర ఉన్న 38 పటాలను బ్రిటిషు ప్రభుత్వం 57,000 పౌండ్లకు కొన్నది. మొదట పాల్ మాల్ వీధిలోని ఆయన ఇంట్లోనే వాటిని జనానికి చూపించారు. 1838లో ట్రఫాల్గర్ స్క్వేరులో ఇప్పటి భవనం తెరిచారు. ఊరి నడిబొడ్డున ఆ స్థలం ఉండటం వల్ల పడమటి పేటల ధనికులు బండ్లలోను, తూర్పు పేటల పేదలు కాలినడకన రాగలిగారు. తరువాత కొంతకాలానికి పొగ వల్ల పటాలు పాడవుతున్నాయి, ఊరి బయటికి మార్చాలన్న వాదన వచ్చింది. పటాలు ఉన్నది జనం చూడటానికే గనుక జనం మధ్యలోనే ఉండాలన్న మాట నిలిచింది. ఈనాటికీ అక్కడి పటాలను చూడటానికి టిక్కెట్టు లేదు.

ఆ చిత్రశాల పట్టీలో 1వ నంబరు వేసిన పటం ఏదో తెలుసా? యోహాను సువార్త 11వ అధ్యాయం. లాజరు లేవడం.

సెబాస్టియానో దెల్ పియోంబో అనే ఇటలీ చిత్రకారుడు 1517 నుండి 1519 వరకు దాన్ని గీశాడు. ఎత్తు పన్నెండున్నర అడుగులు. లాజరు రూపానికి మైకెలాంజెలో తానే నమూనా గీతలు గీసి ఇచ్చాడు. మధ్యలో ప్రభువు నిలబడి చెయ్యి చాపి ఉన్నాడు. లాజరు కూర్చుని తన ఒంటి మీది కట్లను విడదీసుకుంటున్నాడు, పక్కవారు సాయం పడుతున్నారు. వెనుక నిలబడిన స్త్రీలు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. నాలుగు దినాల శవం కదా! మార్త చెప్పిన మాటను ఆ చిత్రకారుడు దాటవేయలేదు. వాక్యాన్ని జాగ్రత్తగా చదివినవాడే ఆ ముక్కులకు గుడ్డలు పెట్టగలడు.

దాన్ని గీయించినవాడు కార్డినల్ జూలియో దె మెదీచి. ఫ్రాన్సులోని నార్బోన్ పట్టణపు పెద్ద దేవాలయంలో బలిపీఠం మీద పెట్టడానికి గీయించాడు. తరువాత ఇతడే ఏడవ క్లెమెంటు అనే పేరుతో పోపు అయ్యాడు. పటం మొదలైన 1517వ సంవత్సరం మనకు గుర్తే. ఆ అక్టోబరు 31న మార్టిన్ లూథరు తన 95 వాదాలను వెల్లడి చేశాడు. ఒక పక్క రోములో ఈ పటానికి రంగులు కలుపుతున్నారు, మరొక పక్క విట్టెన్‌బర్గులో సంఘ సంస్కరణకు నిప్పు రాజుకుంటోంది.

ఆ పటం దేవాలయంలోనే ఉండిపోలేదు. పద్దెనిమిదవ శతాబ్దంలో ఓర్లియాన్ ప్రభువుల భవనానికి చేరింది. ఫ్రెంచి విప్లవ కాలంలో ఆ సంపద అంతా అమ్ముడుపోయి లండనుకు వచ్చింది. అప్పుడు ఆంగర్‌స్టెయిన్ దాన్ని కొన్నాడు. బలిపీఠం నుండి రాజభవనం, అక్కడినుండి వ్యాపారి ఇల్లు, చివరికి ప్రజల చిత్రశాల.

ఆ డబ్బు ఎక్కడిది?

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. ఆంగర్‌స్టెయిన్ సంపాదన ముఖ్యంగా ఓడల బీమా వ్యాపారం నుండి వచ్చింది. ఆ రోజుల్లో లండను ఓడల బీమా వ్యాపారంలో ఆఫ్రికా నుండి మనుషులను గొలుసులతో కట్టి తీసుకుపోయే ఓడలు కూడా ఒక భాగం. కరీబియన్ దీవుల్లో బానిసలు పనిచేసే తోటలకు ఆయన ధర్మకర్తగా కూడా వ్యవహరించాడు. బ్రిటిషువారు బానిసల వ్యాపారాన్ని 1807లో ఆపారు. తమ వలస దేశాల్లో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833లో గాని రాలేదు.

ప్రియులారా, ఒక్కసారి ఆ ఇంటి గోడను ఊహించుకోండి. గోడ మీద ప్రభువు కట్లు విప్పమంటున్నాడు. గోడకు ఇవతల లెక్కల పుస్తకంలో కట్టబడిన మనుషుల మీద వచ్చే రాబడి. పటం రోజూ కంటి ఎదుట ఉన్నది. పటంలోని ఆజ్ఞ మాత్రం గుమ్మం దాటలేదు.

అందుకే మేము చెప్పేది ఏమంటే, విగ్రహారాధన మొక్కడంలోనే ఉండదు. ప్రభువును గోడకు అలంకారంగా పెట్టుకుని ఆయన మాట వినకపోవడం కూడా ఒక రకమైన విగ్రహారాధనే. మన ఇళ్ళల్లో గోడల మీద వాక్యం రాసిన పటాలు ఉన్నాయి. పొలంలో కూలికి వచ్చినవారికి సాయంత్రానికి డబ్బు ఇస్తున్నామా లేదా అన్నది ఆ పటం మనల్ని అడుగుతూనే ఉంటుంది.

పగలగొట్టినవారు, ఆపినవారు

సంఘ సంస్కరణ కాలంలో ఐరోపాలో ఎన్నో పటాలు, ప్రతిమలు నాశనమయ్యాయి. 1566లో నెదర్లాండ్స్ దేశాల్లో జనం గుంపులుగా దేవాలయాల్లోకి దూరి బొమ్మలన్నిటినీ పగలగొట్టారు. ఇంగ్లాండులో ఆరవ ఎడ్వర్డు రాజు కాలంలో, 1547 నుండి, ప్రభుత్వ ఆజ్ఞలతోనే వాటిని తీసివేశారు. 1643, 1644 సంవత్సరాల్లో విలియం డౌసింగ్ అనే అధికారి కేంబ్రిడ్జిషైరు, సఫోక్ ప్రాంతాల్లో గుడి గుడికి తిరిగి రంగు గాజు కిటికీలను పగలగొట్టించి, ఏ ఊరిలో ఎన్ని పోయాయో దినచర్య పుస్తకంలో రాసుకున్నాడు.

వారంతా పిచ్చివారు కారు. పటాల ముందు కానుకలు పెడితే పాపం పోతుందని పేదలను నమ్మించి డబ్బు గుంజిన కాలం అది. హిజ్కియా చేసిన పనే మేమూ చేస్తున్నామని వారనుకున్నారు. కాని లూథరు ఏమి చేశాడో చూడండి. తాను లేని సమయంలో విట్టెన్‌బర్గులో బొమ్మలను బలవంతంగా తొలగిస్తున్నారని తెలిసి, 1522 మార్చిలో దాగి ఉన్న చోటు విడిచి వచ్చి, వరుసగా ఎనిమిది దినాలు ప్రసంగించాడు. గోడమీది బొమ్మ పోయినంత మాత్రాన గుండెలోది పోదు, వాక్యం గుండెలో పనిచేస్తే గోడమీది దానికి ఉన్న బలం దానంతటదే పోతుంది అన్నది ఆయన బోధ సారాంశం.

చిత్రశాల ఒక విధంగా ఆ పనే చేసింది. లాజరు పటం ముందు ఇప్పుడు కొవ్వొత్తి లేదు, ధూపం లేదు, కానుకల పళ్ళెం లేదు. దాని ముందు బెంచీ మీద కూర్చున్నవాడు చూస్తాడు, ఆలోచిస్తాడు, లేచి వెళ్తాడు. మొక్కు పోయింది, సాక్ష్యం మిగిలింది.

ఖాళీ అయిన గోడలు

ఇప్పుడు ఆ చిత్రశాల చరిత్రలో మేము ఎక్కువగా ఇష్టపడే భాగానికి వద్దాం.

1939 సెప్టెంబరు 3న బ్రిటను జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. అంతకు ముందు రోజుకే గ్యాలరీలోని పటాలు దాదాపు అన్నీ దించేసి, రైళ్ళలో, లారీల్లో పడమటనున్న వేల్స్ ప్రాంతానికి పంపేశారు. పది దినాల పని. మొదట విశ్వవిద్యాలయాల్లో, కోటల్లో దాచారు. 1940లో ఫ్రాన్సు పడిపోయాక అక్కడ కూడా బాంబుల భయం పట్టుకుంది. ఓడల్లో కెనడాకు పంపుదామన్నారు. ప్రధానమంత్రి చర్చిల్ ఒప్పుకోలేదు. గుహల్లో దాచండి గాని దేశం దాటించవద్దన్నాడు.

అప్పుడు మానోడ్ అనే కొండలో పాత పలకరాతి గని దొరికింది. మన పెద్దలు బడిలో అక్షరాలు దిద్దిన పలకల రాయి లాంటిదే. గని ముఖద్వారాన్ని మందుగుండుతో పేల్చి వెడల్పు చేశారు. లోపల ఇటుకలతో గదులు కట్టి, వేడి, తేమ ఎప్పుడూ ఒకేలా ఉండేలా ఏర్పాటు చేశారు. చిన్న రైలు పట్టాల మీద పెట్టెల్లో పటాలను లోపలికి తోశారు. వాన్ డైక్ గీసిన చార్లెసు రాజు గుర్రం మీద కూర్చున్న పటం ఎంత పెద్దదంటే, దారిలో ఒక రైలు వంతెన కింద అది పట్టక రోడ్డునే తవ్వి లోతు చేయవలసి వచ్చింది. 1941లో పటాలన్నీ కొండ కడుపులోకి చేరాయి.

లండనులో భవనం మాత్రం ఖాళీగా మిగిలింది. 1940 అక్టోబరు నుండి 1941 ఏప్రిల్ వరకు దాని మీద తొమ్మిదిసార్లు బాంబులు పడ్డాయి. అంతకు ముందు రాఫేలు పటాలు వేలాడిన గది ఒకటి నేలమట్టమైంది. పటాలు అక్కడే ఉండి ఉంటే ఈ రోజు మనకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ ఖాళీ గదుల్లో మైరా హెస్ అనే పియానో విద్వాంసురాలు 1939 అక్టోబరు 10న మధ్యాహ్న కచేరీలు మొదలుపెట్టింది. సోమవారం నుండి శుక్రవారం దాకా, ఒక షిల్లింగుకు ఎవరైనా రావచ్చు. ఆరున్నర ఏండ్లలో 1,698 కచేరీలు జరిగాయి. బాంబుల ఉధృతిలో నేలమాళిగలోకి మార్చారు గాని మానలేదు. ఆమె యూదుల కుటుంబంలో పుట్టింది. వాయించిన సంగీతంలో ఎక్కువ భాగం బాఖ్, బీథోవెన్ వంటి జర్మనులది. పైనుండి జర్మను విమానాలు, లోపల జర్మనీ దేశపు భక్తుడైన బాఖ్ కూర్చిన సంగీతం. శత్రువులను ప్రేమించడం ఎలా ఉంటుందని పిల్లలు అడిగితే మనం ఈ సంగతి చెప్పవచ్చు.

ఒకే ఒక్క పటం

1942 జనవరిలో టైమ్స్ పత్రికలో ఒక ఉత్తరం వచ్చింది. శిల్పి చార్లెస్ వీలర్ రాసినది. లండను ముఖం నిండా గాయాలే ఉన్న ఈ రోజుల్లోనే మాకు మంచి పటాలు చూడవలసిన అవసరం మరీ ఎక్కువ, ఒకదానినైనా తెచ్చి చూపించండి అన్నది దాని భావం. గ్యాలరీ అధిపతి కెన్నెత్ క్లార్క్ ఒప్పుకున్నాడు. నెలకు ఒక్క పటాన్ని గని నుండి తెప్పించి, ఒంటరిగా గోడకు పెట్టి చూపించే ఏర్పాటు జరిగింది. ప్రమాదం వస్తే దించి భద్రమైన చోట దాచేలా జాగ్రత్తలు తీసుకున్నారు.

మరి మొదట ఏ పటాన్ని తేవాలి? యుద్ధంలో నలిగిన జనం రాజుల పటాలు అడగలేదు. యుద్ధ వీరుల పటాలు అడగలేదు. మొదట వచ్చిన పటం టిషన్ అనే వెనీసు చిత్రకారుడు సుమారు 1514లో గీసినది. లాటిను పేరు నోలి మే టాంజెరె. నన్ను తాకవద్దు అని అర్థం. యోహాను 20వ అధ్యాయంలో పునరుత్థానుడైన ప్రభువును మగ్దలేనే మరియ తోటలో చూసిన ఘడియ.

ఆ పటం పెద్దదేమీ కాదు. ఎత్తు మూడున్నర అడుగులు. తెల్లవారుతున్న కొండ ప్రదేశం. మధ్యలో ఒక చెట్టు. మరియ నేల మీద మోకరించి ఉంది, ఒక చేతి కింద అత్తరుబుడ్డి, మరొక చెయ్యి ప్రభువు వైపు చాచి ఉంది. ప్రభువు చేతిలో పార ఉంది, ఎందుకంటే ఆమె ఆయనను తోటమాలి అనుకున్నది. ఆయన తన వస్త్రాన్ని వెనక్కి లాక్కుంటూనే ఆమె వైపు వంగి ఉన్నాడు.

ఎక్సురే తీసి చూస్తే ఒక విశేషం బయటపడింది. టిషన్ మొదట ప్రభువును వేరుగా గీశాడు. తలమీద తోటమాలి టోపీ, మరియ నుండి అవతలికి తిరిగి నడిచిపోతున్నట్టు. తరువాత మనసు మార్చుకుని దాని మీదే మళ్ళీ గీశాడు. ఇప్పుడు ప్రభువు ఆమెకు దూరంగా పోవడం లేదు. తాకనివ్వడు, కాని విడిచి వెళ్ళిపోడు. వాక్యంలో ఉన్నదీ అదే. ఆమెను పేరుపెట్టి పిలిచి, తాను తండ్రి యొద్దకు ఎక్కిపోవలసి ఉన్నదని చెప్పి, సహోదరులకు ఆ కబురు మోసే పని ఆమె చేతికిచ్చాడు.

లండనులో ఆ పటం ముందు నిలబడినవారిలో కొడుకులను పోగొట్టుకున్న తల్లులు, రాత్రికి రాత్రే ఇల్లు కూలినవారు ఉండి ఉంటారు. పట్టుకుందామంటే చేతికి అందనివారి కోసం ఏడ్చే మనుషులు వారు. మరియ చాచిన చెయ్యి ఎవరిదో వారికి ఒకరు చెప్పనక్కరలేదు. సమాధి దగ్గర ఏడ్చేవారిని పేరుపెట్టి పిలిచేవాడు ఉన్నాడని ఖాళీ గోడల మధ్య ఆ ఒక్క పటం చెప్పింది.

అయితే మనం ఏమి చేయాలి?

ప్రియులారా, ఆ తల్లి ప్రశ్నకు మా జవాబు ఇది. పటం ముందు కన్నీరు పెట్టడం పాపం కాదు. ఆ కన్నీరు ఎటు నడిపించిందో చూడాలి. ఇత్తడి సర్పం వైపు చూసినవారు దేవుని వైపు తిరిగితే బ్రదికారు. దానికే ధూపం వేసినవారు దారి తప్పారు. ఆ పటం పేరే మనకు బోధ చేస్తోంది గదా. నన్ను పట్టుకుని ఇక్కడే ఉండిపోవద్దు, వెళ్ళి చెప్పు అంటోంది. ప్రభువు తన సొంత శరీరాన్నే పట్టుకుని నిలిచిపోనివ్వనప్పుడు, రంగులు పూసిన గుడ్డను పట్టుకుని ఉండిపోనిస్తాడా?

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు మూడు మాటలు.

మొదటిది, చిత్రశాలకు వెళ్ళేముందు ఆ కథ ఉన్న అధ్యాయాన్ని చదవండి. అక్కడ 2,300కు పైగా పటాలున్నాయి. అన్నీ చూడాలని పరుగెత్తవద్దు. యుద్ధకాలపు జనం నెలకు ఒక్కటే చూశారు, అది వారికి చాలింది.

రెండవది, టిషన్ గీసిన కొండలు ఇటలీ కొండలు, ముఖాలు ఇటలీ ముఖాలు. ప్రభువు తెల్లదొర కాదు. ఆసియా ఖండంలో, యూదుల పల్లెటూరిలో, వడ్రంగి ఇంట్లో పెరిగినవాడు. పటాన్ని చూసి ఆయన రంగును నిర్ణయించుకోవద్దు.

మూడవది, ప్రతి పటం వెనుక ఎవరి చెమట, ఎవరి కన్నీరు ఉన్నదో అడగండి. లాజరు పటాన్ని చూసినప్పుడు ఓడల్లో కట్టబడినవారిని కూడా తలంచుకోండి.

ఇక ఇక్కడ ఊళ్ళో, ఇంటి గోడమీద క్యాలెండరులో ప్రభువు బొమ్మ ఉంటే ఏమి చేయాలని అడిగేవారికి కూడా ఇదే కొలత. దానికి దండ వేస్తున్నారా, దీపం పెడుతున్నారా, పిల్లవాడికి జ్వరం వస్తే దాన్ని తాకించి బాగవుతుందనుకుంటున్నారా? అయితే దించేయండి. చూసినప్పుడు ప్రార్థన గుర్తొచ్చి మోకరించేది జీవముగల దేవునికేనా? అయితే దాని గురించి ఇంట్లో గొడవ పడవద్దు. సంవత్సరం కాగానే మారిపోయే కాగితం కోసం అత్తాకోడళ్ళు మాటలు మానుకోవడం ప్రభువుకు మహిమ కాదు. బలహీనమైన మనస్సాక్షి గలవారు ఇంట్లో ఉంటే వారి కోసం తీసేసినా మంచిదే. 1 కొరింథీయులకు 8వ అధ్యాయంలో పౌలు నేర్పిన ప్రేమ అదే.

1945 మేలో ఐరోపాలో యుద్ధం ముగిసింది. కొండ కడుపులో దాగిన పటాలు వెలుతురులోకి తిరిగి వచ్చాయి. 1వ నంబరు లాజరు కూడా వచ్చాడు. గుహలో నుండి రమ్మన్న పిలుపు వినడం అతనికి అది మొదటిసారి కాదు కదా! మన సమాధుల దగ్గర కూడా ఒక దినాన ఆ స్వరం వినబడుతుంది. ఆ దినాన పటాలతో పని ఉండదు, ముఖాముఖిగా చూస్తాము.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, చేతులకు నేర్పు ఇచ్చినది నీవే. మా కన్నులు చేతిపని దగ్గర ఆగిపోక నీ కుమారుని వైపు తిరుగునట్లు సహాయము చేయుము. దూరదేశములలో ఉన్న మా బిడ్డలను వారి పేరుపెట్టి పిలిచి నీ యొద్ద నిలుపుము. మా చేతులతో ఎవరినైనా కట్టి ఉంచియుంటే ఆ కట్లు విప్పు మనస్సు మాకు దయచేయుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.